ఎక్కిన గేర్లోనే దిగాలి

చలికాలం వచ్చిందంటే చాలు... డబ్బున్నవాళ్లు కులూమనాలీ అంటారు. అంత దూరం పోలేనివాళ్లు లంబసింగి బాట పడతారు. శనాదివారాల్లో అక్కడ మంచు కన్నా కార్లే ఎక్కువ కనిపిస్తాయి. నిజానికి శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి చలికోసం అంత వెతుకులాట అక్కర్లేదు. పొద్దున్నే సముద్రపు గాలి పీలుస్తూ బయల్దేరి పడమటి దిక్కుకి బండి తిప్పితే, మధ్యాహ్నం భోజనాల వేళకి తూర్పు కనుమల్లో ఉండొచ్చు. జనవరి తెల్లవారుజామున ఆ కొండల్లో మోటార్‌సైకిల్ నడిపితే చేతికి ఎన్ని వేళ్లున్నాయో చూసి లెక్కపెట్టుకోవాల్సిందే... అంత తిమ్మిరి!

దీనికో లెక్క ఉంది. వెయ్యి మీటర్లు పైకెక్కితే గాలిలో వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. సాలూరు ఘాట్ దాటాక వచ్చే కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. శ్రీకాకుళంలో పలచటి దుప్పటితో గడిచిపోయే రాత్రి, అక్కడ రెండు రగ్గులు కప్పుకున్నా గడవదు.

ఆ లెక్క బాగా తెలిసిన మనిషే ఆయన. శ్రీకాకుళంలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల మాస్టారు. వయసు 42. 2024 జనవరిలో సంక్రాంతి సెలవులు ఇచ్చిన మర్నాడు, పన్నెండేళ్లనాటి తన 125 సీసీ బండి మీద ఒక్కరే బయల్దేరారు. శ్రీకాకుళం నుంచి పాలకొండ, సీతంపేట, పార్వతీపురం, సాలూరు... అక్కణ్నుంచి ఘాట్ ఎక్కి కోరాపుట్. తిరుగు దారి విజయనగరం మీదుగా. మూడు రోజుల పని.

ఇంట్లో మొదటి ప్రశ్న ఊహించిందే. ‘పండగ పనులు పెట్టుకుని ఇప్పుడేంటండీ? పోనీ, తోడు ఎవర్నైనా తీసుకెళ్లొచ్చుగా’ అంది ఆవిడ. భోగి నాటికి ఇంట్లో ఉంటానని మాటిచ్చాక గానీ వదల్లేదు. ఆవిడ్ని అనడానికీ లేదు. మనవాళ్లకి ఒంటరి ప్రయాణం అలవాటు లేదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి తిరుగు ప్రయాణంలో ఈ శ్రీకాకుళం, విజయనగరం మీదుగానే వెళ్లారు. ఆయన వెంట బంధువులు, పరిచారకులు, బోయీలు కలిపి వంద మంది దాకా ఉన్నారు! ఒక్కడే వెళ్తున్నాడంటే మనింట్లో అనుమానమే... ఎవరితోనో గొడవైందనో, మనసు బాగోలేదనో.

మాస్టారికి గొడవ ఉన్న మాట నిజమే. అది ముప్పయ్యేళ్ల కిందటిది. వాళ్ల నాన్న సాలూరు లారీ డ్రైవరు. ముందు క్లీనరుగా ఎక్కి, తర్వాత స్టీరింగు పట్టి, 26 ఏళ్లు సాలూరు-రాయపూర్ దారిలో తిరిగిన మనిషి. ఇంటికి వచ్చిన రోజు నిద్రపోతూ కనిపించేవారు. లేచిన రోజు వెళ్లిపోతూ కనిపించేవారు. సంక్రాంతి సెలవులకీ, వేసవి సెలవులకీ కుర్రాడు ఒకటే అడిగేవాడు... ‘నన్నూ లారీలో తీసుకెళ్లు నాన్నా, ఘాట్ చూస్తాను’ అని. ఆయన జవాబూ ఒకటే... ‘ఇప్పుడు కాదు.’ తోటి డ్రైవర్ల పిల్లలు ఒకరిద్దరు వెళ్లొచ్చి కొండల గురించి గొప్పలు చెబుతుంటే వినాల్సివచ్చేది. ఆ ‘ఇప్పుడు కాదు’ అలాగే ఉండిపోయింది. డిగ్రీ అయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, మకాం శ్రీకాకుళానికి మారింది. ఘాట్ మాత్రం ఎక్కలేదు. కావాలంటే బస్సెక్కి ఎప్పుడో చూసి ఉండొచ్చు. పట్టుదలతోనే చూడలేదు.

పెద్దాయనకిప్పుడు 71. మోకాళ్లు పనిచేయవు. కొడుకు వెళ్తున్నాడని తెలిసి ఆ రాత్రి మంచం దగ్గరికి పిలిచారు. ‘చూడాల్సినవేమైనా ఉన్నాయా నాన్నా?’ అనడిగారు మాస్టారు. పెద్దాయన చాలాసేపు ఆలోచించారు. ‘సుంకి కాడ టీ బాగుంటాది’ అన్నారు.

ఇరవయ్యారేళ్లు తిరిగిన మనిషి చెప్పింది అంతే! చేయాల్సినవి మాత్రం గుక్కతిప్పుకోకుండా చెప్పారు. ‘పొద్దు పొడిసినాక ఎక్కు. మంచులో పెద్ద లైటు ఎయ్యకు, ఎదర గోడ కట్టినట్టుంటాది. మలుపుకి ముందే హారను కొట్టు, మలుపులో కాదు. లోడు బండి ఎక్కతంటే నువ్వే ఆగు. ఎక్కిన గేర్లోనే దిగు.’ చివర్లో తలగడ పక్కనున్న ఆనాటి పేపర్లు రెండు తీసి చేతికిచ్చారు. చదవడానికి కాదు. చొక్కాకీ స్వెట్టరుకీ మధ్య గుండెల మీద పరుచుకోవడానికి. బండి మీద పోతుంటే చలికన్నా గాలి ఎక్కువ బాధపెడుతుంది. కాగితంలోంచి గాలి దూరదు. ఖరీదైన జాకెట్లు రాకముందు మన డ్రైవర్లందరికీ ఇదే కవచం. పేపర్లకి ఇలాంటి ఉపయోగం కూడా ఉందని పత్రికలవాళ్లు ఎక్కడా చెప్పుకోరు!

* * *

పాలకొండ దాకా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. వరి కోతలైపోయి మడులన్నీ బోడిగా ఉన్నాయి. కుప్పల మీద మంచు కురిసి గడ్డి నల్లబడింది. ఊళ్ల మొదట్లో వీధుల్లో ముగ్గులు, వాటి మధ్య గొబ్బెమ్మలు. సీతంపేట దారి పట్టాకే అసలు ప్రయాణం మొదలైంది. రోడ్డు పైకి లేస్తుంటే అటూ ఇటూ జీడితోటలు, అనాస పాదులు. రోడ్డు పక్క కట్టలు కట్టిన కొండచీపుర్లు నిలబెట్టి ఉన్నాయి. వాటి పక్కన చితుకులు పోగేసి మంట వేసుకుని నలుగురైదుగురు సవర ఆడవాళ్లు చేతులు కాచుకుంటున్నారు. మాస్టారు బండాపి తనూ చేతులు చాపారు. ఎవరూ ఏమీ అడగలేదు. కాస్త జరిగి చోటిచ్చారు. మంట దగ్గర అంతకన్నా మర్యాద ఏముంటుంది!

ఈ సవర కొండలకీ శ్రీకాకుళానికీ ఉన్న బంధుత్వం తల్చుకోగానే గుర్తొచ్చే పేరు గిడుగు రామమూర్తి పంతులుగారిది. పుట్టింది 1863లో, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో బడి పంతులుగా పనిచేస్తూ, ఎవరూ పట్టించుకోని సవర భాష నేర్చుకున్నారు. అందుకోసం ఈ అడవుల్లో తిరిగారు. మలేరియా పట్టుకుంది. ఆ జ్వరానికి వాడిన క్వినైను ఆయన చెవుల్ని తీసుకుపోయింది. జనం నోట్లోని మాట వినడానికే కొండెక్కిన మనిషికి వినికిడే పోయిందన్నమాట. అయినా ఆగలేదు. 1931లో ఆయన సవర భాష మీద రాసిన గ్రంథం అచ్చయింది. వ్యావహారిక భాష ఉద్యమం గురించి చెప్పినంతగా ఈ కొండల సంగతి మన పాఠ్యపుస్తకాలు చెప్పవెందుకో!

ఆడలి వ్యూపాయింట్ దగ్గర లోయ నిండా పాలు పోసినట్టు మంచు. అక్కడో పది మంది కుర్రాళ్లు సెల్ఫీల హడావుడిలో ఉన్నారు. మాస్టారు ఎక్కువసేపు నిలబడలేదు. 

పాలకొండకి దిగి వీరఘట్టం మీదుగా పార్వతీపురం వెళ్లే దారిలో ఓ టీకొట్టు ఆవిడ మాత్రం గంటసేపు నిలబెట్టేసింది. ‘ఏటి బాబూ, ఒక్కడివే వచ్చీసినావా? రేతిరి తోటలో ఏనుగులు తిరిగినాయట. కబురు తెలిసినాక ఎల్లు’ అంది. ఇది బెదిరింపు కాదు. 2018లో ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగుల గుంపు ఒకటి ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ నాగావళి చుట్టుపక్కల ఊళ్లలోనే తిరిగింది. చెరకు, అరటి, వరి... ఏది చేతికొస్తే అది వాటి నోటికెళ్లేది. మనుషుల ప్రాణాలూ పోయాయి, ఏనుగుల ప్రాణాలూ పోయాయి. మంచు దట్టంగా ఉన్నప్పుడు ఏనుగు ఇరవై అడుగుల దూరంలో ఉన్నా రోడ్డు పక్క బండరాయిలానే కనిపిస్తుందట. బండి చప్పుడుకి ఆ బండరాయి కదిలితే ఇక చెప్పేదేముంది! కొట్టు ముందు అప్పటికే రెండు ఆటోలు, ఓ పాలవ్యాను ఆగి ఉన్నాయి. మాస్టారు రెండు టీలు తాగి, చోడి అంబలి అడిగి మరీ తాగారు. అవతలి ఊరి నుంచి బస్సు రావడంతో, ఆ బస్సు డ్రైవరు చెయ్యి ఊపడంతో అందరూ కదిలారు.

పార్వతీపురం, మక్కువ దాటి సాలూరు చేరేసరికి చీకటి పడింది.

* * *

సాలూరంటే లారీలు. ఇంకోమాట అక్కర్లేదు. ఊళ్లోకి వస్తుంటేనే వెల్డింగు మెరుపులు, బాడీ బిల్డింగు షెడ్లు, టైరు పంక్చర్ల దుకాణాలు, తలుపుల మీద పువ్వులూ పక్షులూ వేసే పెయింటర్లు. ఒక ఇంట్లో డ్రైవరు, పక్కింట్లో క్లీనరు, ఎదురింట్లో ఓనరు. వేగావతి ఒడ్డునున్న ఈ చిన్న ఊరికి అన్ని లారీలు ఎందుకంటే, జవాబు ఆ ఊరి వెనకే గోడలా నిలబడి ఉంటుంది. ఘాట్! తీరాన్నీ, పైనున్న పీఠభూమినీ కలిపే దారి ఊరి గుమ్మంలోంచి పోతుంది. లారీలు రాకముందు ఆ పని ఎడ్లు చేసేవి. లంబాడీ వర్తకులు ఎడ్ల వీపుల మీద ఉప్పు బస్తాలు వేసుకుని కొండెక్కేవాళ్లు. పైనుంచి గింజలు, అటవీ సరుకులు దింపేవాళ్లు.

అప్పట్లో పైనా కిందా ఒకటే జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా కోరాపుట్, జయపురం ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలోనివే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చి నిలబెట్టిన విక్రమదేవ వర్మ ఆ జయపురం మహారాజే. గీత గీశాక కూడా లెక్క తేలని ఊళ్లు కొన్ని మిగిలాయి. సాలూరుకి ఆవల కొఠియా గ్రామాలని 21 ఊళ్లున్నాయి. అవి మావంటే మావని 1968లోనే రెండు రాష్ట్రాల తగువు సుప్రీంకోర్టుకి ఎక్కింది. అక్కడి జనం చేతుల్లో రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. ఇక మన వైపు చూస్తే 2022 ఏప్రిల్ నుంచి పాలకొండ, సీతంపేట, పార్వతీపురం, సాలూరు అన్నీ కలిసి పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. రోడ్డు నంబరూ మారింది. డ్రైవర్ల నోట్లో అది ఇప్పటికీ ‘నలభై మూడు’. బోర్డుల మీద మాత్రం 26.

రాత్రి టీకొట్టు దగ్గర డ్రైవర్ల మాటలన్నీ కొత్త రోడ్డు గురించే. రాయపూర్ నుంచి విశాఖపట్నానికి సుమారు 465 కిలోమీటర్ల ఆరు వరుసల దారి. ఆంధ్రా భాగానికి 2022 నవంబరులో ప్రధానమంత్రి విశాఖలో శంకుస్థాపన చేశారు. ఆ జనవరిలో పనులు సాగుతున్నాయి. కొండని చుట్టి చుట్టి ఎక్కకుండా సొరంగాల్లోంచి పోయే దారి అది. ‘అది తెరిస్తే ఈ ఘాట్ ఎవరెక్కుతారు?’ అన్నాడొకతను. ‘ప్రాణాలు మిగులుతాయి కదరా’ అన్నాడు ఇంకొకతను. ‘మిగులుతాయి సరే. బండి ఎక్కడా ఆగకపోతే సాలూరులో టీ ఎవడు తాగుతాడు?’ అన్నాడు కొట్టాయన. ముగ్గురి మాటలోనూ నిజముంది. మాస్టారు వింటూ కూర్చున్నారు. ఫలానా డ్రైవరు కొడుకునని చెప్పుకోవాలనిపించింది గానీ, ఎందుకో చెప్పలేదు.

* * *

పొద్దు పొడిచాక ఎక్కమని పెద్దాయన చెప్పారు. పొద్దు పొడిచింది గానీ కనిపించలేదు. పి.కోనవలస దాటేసరికి తెల్లటి గుడ్డ కప్పినట్టయింది. చలికాలం రాత్రి మబ్బు లేకపోతే నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. కొండ వాలు మీది చల్లగాలి బరువెక్కి నీళ్లలా కిందికి జారి లోయల్లో నిలుస్తుంది. తీరం నుంచి వచ్చిన తేమ ఆ చల్లదనానికి చిక్కి మంచవుతుంది. అందుకే ఒక్కోసారి కొండ మీద ఎండగా ఉన్నా లోయలో ఏమీ కనిపించదు.

ఈ సంగతి తెలిసినంత మాత్రాన రోడ్డు కనిపించదు కదా! అలవాటు కొద్దీ పెద్ద లైటు వేశారు మాస్టారు. ఎదర గోడ కట్టినట్టయింది. వెంటనే చిన్న లైటుకి మార్చారు. ఐదారు గజాల రోడ్డు బయటపడింది. హెల్మెట్ అద్దం మీద మంచు పేరుకుంటోంది. ఎత్తితే కళ్లలో నీళ్లు, దించితే చీకటి. గ్లవుజులు తడిసి బరువెక్కాయి. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ అని తెలుసు. చూసి తెలుసుకున్నది కాదు, గాలి చప్పుడు మారడాన్ని బట్టి తెలుసు. రెండో గేరు దాటి వేయలేదు. ఎదురుగా లారీ వస్తుంటే ముందు కనిపించేది లారీ కాదు. ముందు ఇంజిను హోరు, తర్వాత పసుపు మరక, ఆ తర్వాత ఒక్కసారిగా నెత్తిమీదికి వచ్చిన ఇనుప గోడ! మలుపుకి ముందే హారను కొట్టమన్నది ఎందుకో మొదటి మలుపులోనే తెలిసింది. మలుపులో కొడితే అవతలివాడికి ఆపడానికి చోటుండదు.

ఆయన కళ్లు ఒక్కచోటే ఉన్నాయి. రోడ్డు మధ్య తెల్లగీత మీద. అది అరిగిపోయిన చోట అంచు మీద. అంచు విరిగిన చోట ముందు పోయిన బండి టైరు జాడ మీద. ఎంతసేపు అలా ఎక్కారో తెలీదు. ఉన్నట్టుండి వెలుతురు మారింది. తెల్లటిది పసుపయింది. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి బండి మంచులోంచి బయటకొచ్చింది. నీలం ఆకాశం. వెనక్కి తిరిగి చూస్తే, వచ్చిన దారి లేదు. కొండల తలలు మాత్రం దీవుల్లా తేలుతున్నాయి.

సుంకి ఒడిశా ఊరే గానీ మాటలో సగం తెలుగే. టీకొట్టు బల్ల మీద కూర్చుని గ్లవుజులు పిండుకున్నారు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వేళ్లకి ప్రాణం వచ్చేదాకా తాగకుండా ఉన్నారు. అల్లం గట్టిగా దంచి వేసిన టీ. పెద్దాయన చెప్పింది నిజమే. మాస్టారి బుర్ర మాత్రం లెక్క కడుతోంది. వారానికోసారి వెళ్లి వచ్చినా ఎక్కడం ఒకటి, దిగడం ఒకటి. ఏడాదికి వంద. ఇరవయ్యారేళ్లకి 2,600. రిపేర్లూ, పండగలూ, జ్వరాలూ పోగా రెండు వేలు. తను ఒక్కసారి ఎక్కి వచ్చారు. దారిలో ఏం చూశావంటే చెప్పడానికి తెల్లగీత తప్ప ఏమీ లేదు. రెండు వేల సార్లు ఎక్కి దిగిన మనిషి ‘టీ బాగుంటాది’ అనక ఇంకేం చెబుతాడు!

సిగ్నల్ దొరగ్గానే ఇంటికి ఫోను చేశారు.

‘ఎక్కేసినావా?’

‘ఎక్కేశాను నాన్నా. సుంకిలో ఉన్నాను.’

‘ఏ గేర్లో?’

‘రెండు.’

‘మంచుందా?’

‘బాగా ఉంది. ఏమీ కనపళ్లేదు.’

అవతల కాసేపు మాట లేదు. తర్వాత పెద్దాయనే అందుకున్నారు. ‘మా రోజుల్లో మరీ కమ్మేస్తే క్లీనరు దిగి, టార్చిలైటు పట్టుకుని ముందు నడిసీవోడు. ఆడి ఎనకాల నేను. ఒకోపాలి ఆడూ కనిపించీవోడు కాదు, లైటే. నువ్వు క్యాబిన్లో ఉంటే నా సూపు రోడ్డు మీద నిలస్తాదేటిరా?’

మాస్టారు ఆ మాట అడగనేలేదు. అడగాలని ముప్పయ్యేళ్లు దాచుకున్నారు గానీ, ఆ పొద్దున నోటిదాకా రాలేదు.

‘టీ తాగినావా?’ అన్నారు పెద్దాయన.

‘తాగుతున్నాను.’

‘సల్లారిపోతాది, తాగు’ అని పెట్టేశారు.

* * *

పొట్టంగి దాటాక దారి విశాలమైంది. దూరంగా దేవ్‌మాలి. 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం. నవంబరులో వస్తే ఇక్కడి కొండవాలులన్నీ వలిసె పూలతో పసుపు ఆరబోసినట్టుంటాయి. మాస్టారు వెళ్లేసరికి పూలైపోయి ఎండు మొక్కలు కుప్పలు వేసి ఉన్నాయి. నెత్తిన మోపులతో ఆడవాళ్లు సంతకి నడుస్తున్నారు. ఒక్కొక్కరే, ఒకరికొకరు చాలా దూరంలో. కాళ్లకి చెప్పుల్లేవు. ఒంటి మీద చీర, దాని మీద ఓ తువ్వాలు. పేపర్లు పరుచుకుని, స్వెట్టరు మీద జాకెట్ తొడుక్కుని బండి మీద పోతున్న మనిషి వాళ్లని దాటుతున్నప్పుడు కాస్త ఇబ్బంది పడ్డారు. ఈ కొండల్లో రోడ్డు లేని ఊళ్లు రెండు వైపులా ఉన్నాయి. నొప్పులొచ్చిన మనిషిని డోలీలో మోసుకుంటూ కిందికి తెచ్చే వార్త మన పేపర్లలో ఇప్పటికీ ఆగలేదు. వాళ్లకి చలి అంటే చూసి రావాల్సిన వింతేమీ కాదు.

సిమిలిగుడ, సునాబెడ... ఇక్కడే 1960ల్లో మిగ్ విమానాల ఇంజిన్ల కోసం హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ పెట్టారు. అవి దాటితే కోరాపుట్. కొండ మీద శబర శ్రీక్షేత్రమని పిలిచే జగన్నాథుడి గుడి. మెట్ల దగ్గర తెలుగు వినిపించింది, పలకరించారు. సాయంత్రం ఐదున్నరకే ఊరు దుప్పట్లు కప్పుకుంది. రాత్రి లాడ్జిలో రెండు రగ్గులు ఇచ్చారు. లెక్క సరిగ్గా సరిపోలేదు. మూడోది అడిగి తెప్పించుకున్నారు.

మర్నాడు పొద్దెక్కాకే బయల్దేరారు. ఘాట్ దగ్గరకొచ్చేసరికి పదకొండు. మంచు పూర్తిగా విడిపోయింది. ఎక్కుతున్నప్పుడు కనిపించనివన్నీ ఇప్పుడు బయటపడ్డాయి. లోయ ఎంత లోతో, గోడ ఎన్ని చోట్ల విరిగిందో, కింద చెట్ల మధ్య తుప్పు పట్టిన ఇనుము ఎక్కడ కనిపిస్తోందో... చూడకపోతేనే నయమనిపించింది. రెండో గేర్లో పెట్టి దిగడం మొదలుపెట్టారు. బండి గుర్రుమంటోంది గానీ బ్రేకు మీద కాలు పెట్టే పని పెద్దగా పడలేదు. గేర్లో ఉన్నంతసేపూ ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో వదిలితే బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఎర్రగా కాలిన బ్రేకు ఇక పట్టదు. నాలుగు చుక్కల డీజిలు మిగులుతుందని ఆ పని చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అలాంటివాడే ఒకడు ఎదురయ్యాడు. ఎదురవడం కాదు, వెనకనుంచి చప్పుడు లేకుండా దాటిపోయాడు. అల్లం బస్తాలతో ఓ ట్రాలీ ఆటో. రెండు మలుపుల తర్వాత రోడ్డు పక్కన ఆగి ఉంది. వెనక చక్రాల దగ్గర పొగ, కాలిన వాసన. ఇరవై ఏళ్లుంటాయో లేదో ఆ కుర్రాడికి. చేతులు వణుకుతున్నాయి. పెద్ద రాయి ఒకటి చక్రం కింద పడేసి, బాటిల్లో నీళ్లు పోయబోతున్నాడు.

‘పోయకు, పగుల్తాయి. దానంతటదే చల్లారనీ’ అన్నారు మాస్టారు. ‘న్యూట్రల్‌లో దింపావా?’

‘డీజిలు కలిసొస్తాదని సార్... రోజూ ఇలగే దించుతాను. ఈ పూటే పట్లేదు.’

మాస్టారు తిట్టలేదు. పాఠమూ చెప్పలేదు. బండికి స్టాండు వేసి, అరగంట పైగా ఆ కుర్రాడితోపాటు గట్టు మీద కూర్చున్నారు. ఊరేది, ఎంత కిరాయి, పెళ్లయిందా... అలాంటి మాటలే. పొగ ఆగాక కుర్రాడు లేచి బ్రేకు నొక్కి చూసుకున్నాడు. మొదటి గేరు వేసి, వెనక్కి తిరిగి చూశాడు. ‘మీరు ముందెల్లండి సార్, ఎనకాల వస్తాను’ అన్నాడు. అలా ఇద్దరూ గుర్రుమంటూ దిగారు.

ఓ ఇరుకు మలుపు దగ్గర కిందనుంచి లోడు లారీ ఎక్కుతోంది. కొండ దారిలో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలని రోడ్డు నిబంధనల్లోనే ఉంది. ఎక్కే లోడు బండి ఒక్కసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం. మాస్టారు గట్టువారగా ఆగి, వెనక కుర్రాడికి చెయ్యి చూపించారు. లారీ నడక వేగంతో దాటింది. క్లీనరు కిటికీలోంచి తల బయటపెట్టి చక్రాన్నే చూస్తున్నాడు. డ్రైవరు రెండుసార్లు పొట్టి హారను కొట్టాడు. తల మాత్రం ఇటు తిప్పలేదు.

సాలూరు దాటేసరికి ఎండ చురుక్కుమంటోంది. రామభద్రపురంలో కూరగాయల మార్కెట్ దగ్గర టీకి ఆగి జాకెట్, స్వెట్టరు విప్పారు. చొక్కా మీది పేపర్లు చెమటకి మెత్తబడి ఒంటి ఆకారంలో వంగిపోయాయి. తీసి బల్ల మీద పడేశారు. వంకాయల బస్తా దించి వచ్చిన పెద్దమనిషి ఒకాయన వాటిని అందుకుని, మడతలు చేత్తో సాపుచేసి చదవడం మొదలుపెట్టాడు.

‘అవి పాతవండీ, మూడ్రోజుల కిందటివి’ అన్నారు మాస్టారు.

‘పర్లేదు బాబూ. నానింకా సూళ్లేదు’ అన్నాడాయన తలెత్తకుండా.